పట్టపగలు దీపం



మీ ఇంట్లో గోడకు తగిలించిన పాత ఫోటో ఒకటైనా ఉంటుంది. పెద్దవాళ్ళది కావచ్చు, పెళ్ళిది కావచ్చు, పండుగనాడు ఇంటిముందు అందరూ వరసగా నిలబడి తీయించుకున్నది కావచ్చు. వీలైతే ఇప్పుడే లేచి దాని దగ్గరికి వెళ్ళండి. రేడియో వినబడేంత దూరంలోనే ఉంటుంది కదా. ఆ ఫోటోలో మనుషుల కళ్ళు చూడండి. కళ్ళు కనబడుతున్నాయా, లేక కళ్ళుండవలసిన చోట రెండు నల్లటి గుంటలున్నాయా?

మా ఇంట్లో ఉన్నది మా అవ్వ ఫోటో. అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. 1988లో మా ఊరి జాతరకు పట్నం నుంచి ఫోటోలు తీసే ఆయన వచ్చాడు. గుడి పక్కన, సున్నం కొట్టిన గోడ ముందు, నడినెత్తిన ఎండలో అవ్వను నిలబెట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆయన కెమెరా మీద ఏదో పెట్టె బిగిస్తున్నాడు. "అదేందిరా నాయనా?" అని అడిగింది అవ్వ. "ఫ్లాష్ అవ్వా, వెలుగు కోసం" అన్నాడాయన. అవ్వ పకపకా నవ్వింది. "పట్టపగలు దీపమెందుకురా? సూర్యుడు చాలడా నీకు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ పెట్టె విప్పి సంచిలో వేసుకొని, ఉత్త కెమెరాతోనే ఫోటో తీశాడు.

ఫోటో వచ్చింది. వెనక గోడ తెల్లగా మెరిసిపోతోంది. అవ్వ కట్టుకున్న తెల్లచీర అంచు కూడా తెలుస్తోంది. పక్కనున్న చింతచెట్టు ఆకులు లెక్కపెట్టవచ్చు. అవ్వ ముఖం మాత్రం లేదు. ముఖమున్నచోట ఒక నల్లటి నీడ ఉంది.

1994లో అవ్వ పోయింది. ఆమెది ఇంకో ఫోటో లేదు. ఉన్నదాన్నే పెద్దది చేయించడానికి మా మామ పట్నం తీసుకుపోయాడు. స్టూడియోలో ఒకాయన ఆ నీడ మీద కుంచెతో రెండు కళ్ళు దిద్ది, ముక్కు గీసి, పెదవులు పెట్టి ఇచ్చాడు. పనితనం బాగానే ఉంది. కానీ ఆ కళ్ళు మా అవ్వవి కావు. మా అమ్మ అమావాస్య అమావాస్యకూ ఆ పటానికి పూలు పెడుతుంది. "ఎవరికో పెడుతున్నట్టుందే" అని ఒకసారి నాతో అంది. ఆ మాట ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు.

అవ్వ అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. పట్టపగలు దీపమెందుకు? బడిలో చరిత్ర చెప్పేదాన్ని కాబట్టి, దీనికి జవాబు ఫోటోల చరిత్రలో వెదికాను. అదే ఈ పూట మీతో చెప్పుకుంటాను.

ముందు మాటల సంగతి చూద్దాం. మన సరిహద్దులో రెండు భాషలు ఎరిగినవాళ్ళకు ఇదొక సరదా. తెలుగులో ఫోటోను ఛాయాచిత్రం అంటాం. తమిళంలో నిళల్ పడం అంటారు. రెండింటికీ నీడబొమ్మ అనే అర్థం. ఇంగ్లీషువాళ్ళు వాడే ఫోటోగ్రఫీ అనే మాటకు గ్రీకులో వెలుగుతో రాయడం అని అర్థం. వాళ్ళు వెలుగును చూశారు, మనం నీడను చూశాం. పైగా తెలుగులో ఛాయ అంటే ఒంటిరంగు కూడా. చామనఛాయ అంటాం కదా. ఈ రెండు ఛాయలూ కలిసినచోటే మా అవ్వ ముఖం పోయింది.

మన ధర్మపురి భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 12 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 22 ప్రాంతంలోనూ ఆగస్టు 20 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు నిలబెట్టిన కర్రకు నీడ పడదు. కానీ మనిషికి పడుతుంది. కనుబొమల నీడ కళ్ళలో పడుతుంది, ముక్కు నీడ పెదవుల మీద పడుతుంది. చలిదేశాల్లో సూర్యుడు ఏటవాలుగా వచ్చి ముఖాన్ని పలకరిస్తాడు. మన దగ్గర నెత్తిమీద మొట్టికాయ వేస్తాడు. కెమెరా పుట్టింది ఆ ఏటవాలు ఎండల దేశంలో.

ఎప్పుడు పుట్టింది? ఇక్కడ మన జిల్లాకు సంబంధించిన మనిషి ఒకాయన గుర్తుకొస్తాడు. టిప్పు సుల్తాను నుంచి బారామహలు కంపెనీవాళ్ళ చేతికి వచ్చిన 1792 నుంచి ఏడేళ్ళపాటు ఈ ప్రాంతంలో పనిచేసిన థామస్ మన్రో. ధర్మపురిలోనే ఉండేవాడు. తర్వాత కడప, బళ్ళారి, అనంతపురం సీమలకు కలెక్టరై, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఫ్రాన్సులో నీయెప్స్ అనే ఆయన తన కిటికీలోంచి కనబడే దృశ్యాన్ని లోహపు పలక మీద మొట్టమొదటిసారి నిలిపింది కూడా 1826, 27 ప్రాంతంలోనే. అందుచేత మన్రో ముఖం మనకు చిత్రకారులు గీసిన పటాల్లోనే తెలుసు. ఆ విషయంలో ఆయనా మా అవ్వా ఒకటే.

ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. మద్రాసులో ఫోటోగ్రాఫర్ల సంఘం 1856లో ఏర్పడింది. ఆ ఏడే లినేయస్ ట్రైప్ అనే సైన్యాధికారిని మద్రాసు ప్రభుత్వం తన ఫోటోగ్రాఫరుగా నియమించింది. ఈయన పని మన వాకిట్లోకే వచ్చింది. 1858లో ఆయన వెలువరించిన సంపుటాలలో ఒకటి రాయకోట, సేలం జిల్లాలోని ఇతర ప్రదేశాల దృశ్యాలు. అప్పట్లో మనమంతా సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయ్యాం. 2004లో రాయకోట కృష్ణగిరి జిల్లాకు వెళ్ళింది. కోటకొండ మాత్రం ఉన్నచోటే ఉంది.

ట్రైప్ పటాల్లో కొండలు, కోటలు, గుళ్ళు అద్భుతంగా ఉంటాయి. మనుషులు మాత్రం బహు అరుదు. ఆయన వాడింది మైనం పూసిన కాగితం. దాని మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి కెమెరా తెరిచి ఉంచాలి. కొండ కదలదు, మనిషి కదులుతాడు. అదే 1858లో ఆయన మద్రాసులో అమరావతి శిల్పాలను కూడా ఫోటోలు తీశాడు. గుంటూరు సీమలో వాల్టర్ ఇలియట్ తవ్వించి పంపిన సున్నపురాతి పలకలవి. రాతికి నీడ మేలు చేస్తుంది. నీడ ఉంటేనే చెక్కడపు లోతు తెలుస్తుంది. రాతికి మేలు చేసే ఆ నీడే మనిషి ముఖాన్ని మింగేస్తుంది. ఖర్చు ఎక్కువవుతోందని కొద్దికాలానికే గవర్నరు ట్రెవెల్యన్ ఆ పని ఆపించాడు.

మనుషుల ఫోటోలకు ఆనాటి స్టూడియోలవాళ్ళు వేరే ఉపాయం కనిపెట్టారు. పైకప్పులో అద్దాలు అమర్చి, వాటి కింద తెల్లగుడ్డలు కట్టి, ఎండను వడగట్టి మెత్తగా ముఖం మీదికి దించేవారు. ముఖానికి చీకటిగా ఉన్న వైపున ఒక తెల్లటి తెర నిలబెట్టేవారు. ఎండ దాని మీద పడి, తిరిగివచ్చి, నీడను పలచన చేస్తుంది. నేటి ఫోటోగ్రాఫర్లు ఫిల్ లైట్ అనేది ఇదే. తెలుగులో పూరకపు వెలుగు అనుకుందాం. అసలు వెలుగు సూర్యుడిదే. అది అందని గుంటలను పూడ్చేది మాత్రమే ఇది.

ఈ విద్యలో మన తెలుగునేల మీద ఆరితేరినవాడు రాజా దీనదయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1880లలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో చేరి, సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. ఘోషా స్త్రీల కోసం 1890లలో హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో కూడా నడిపించాడు. అందులో ఫోటోలు తీసింది ఒక మహిళే. ఆ నాలుగు గోడల మధ్య తొలిసారిగా తమ ముఖాలను కాగితం మీద చూసుకున్న స్త్రీలు ఎందరో! ఆయన తీసిన 2,800కు పైగా గాజు పలకలు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

అయితే రాజులకు తెల్లతెరలు పట్టేవాళ్ళుంటారు. ఊళ్ళలో వాళ్ళ సంగతేమిటి? మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు ప్రచురించాడు. మన తెలుగు కులాలవాళ్ళు కూడా వాటిలో ఉన్నారు. తలచుట్టు, ముక్కు పొడవు కొలిచే శాస్త్రం కోసం చేసిన పని అది. కొలతకు నిలబడ్డవాడి కళ్ళలో వెలుగుందో లేదో ఎవరికి కావాలి?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కాలపు ఫోటో పలకలకు నీలిరంగు ఒక్కటే బాగా కనబడేది. ఎరుపు, గోధుమరంగు వాటికి చీకటితో సమానం. మన ఒంటిరంగులో ఉన్నది ఆ ఎరుపు, గోధుమ వన్నెలే. అంటే మన ముఖం ఉన్నదానికంటే నల్లగా పడేది. అన్ని రంగులనూ గ్రహించే పలకలు 1906 తర్వాతే బజారుకు వచ్చాయి. ఆ తర్వాత రంగుల ఫోటోల కాలంలో కొడాక్ కంపెనీ, రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక తెల్లజాతి యువతి ఫోటో పంపేది. దానికి షర్లీ కార్డు అని పేరు. ఆమె ఛాయ సరిగా వస్తే అన్నీ సరిగా వచ్చినట్టే లెక్క. రకరకాల ఛాయల మనుషులున్న కార్డులు 1990లలో గాని రాలేదు. "నేను నల్లగా ఉంటాను, నాకు ఫోటో వద్దు" అని వెనక నిలబడిన మన ఆడపిల్లలు ఎంతమందో. తప్పు వాళ్ళ ముఖంలో ఉందా చెప్పండి?

ఇక దీపం కథకు వద్దాం. 1864 ప్రాంతంలో ఇంగ్లాండులోని మాంచెస్టరులో మెగ్నీషియం తీగ వెలిగించి ఫోటోలు తీశారు. దీపావళికి మన పిల్లలు కాల్చే మతాబులా కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లటి వెలుగు. 1887లో జర్మనీలో మీటే, గేడికే అనే ఇద్దరు మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేటు వంటివి కలిపి ఒక్క క్షణంలో భగ్గుమనే ఫ్లాష్ పొడి తయారుచేశారు. మరుసటి ఏడే న్యూయార్కులో జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత దాంతో పేదల ఇరుకు గదులను ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. సూర్యుడు చూడని ఇళ్ళను లోకం అప్పుడు చూసింది. కాని అది మందుగుండు సామాను. చేతులు కాలాయి, తెరలు అంటుకున్నాయి, గది నిండా పొగ కమ్మేది. తమిళంలో ఫోటోకు పుగైప్పడం, అంటే పొగబొమ్మ, అని ఇంకో పేరుంది. ఆ పేరు ఎలా వచ్చినా ఫ్లాష్ పొడికి మాత్రం చక్కగా అతికింది.

1929లో జర్మనీలో గాజుబుడ్డి ఫ్లాష్ వచ్చింది. ఆక్సిజన్ నింపిన బుడ్డిలో పలచని అల్యూమినియం రేకు కాలుతుంది. పొగ లేదు, మంట బయటికి రాదు. అయితే ఒక బుడ్డి ఒక్క ఫోటోకే. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఆచార్యుడు విద్యుత్తును నిలవచేసి ఒక్కసారిగా గాజుగొట్టంలోకి వదిలే ఫ్లాషును సిద్ధం చేశాడు. సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువసేపు వెలిగి ఆరిపోతుంది, మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. మా ఊరి జాతరకు వచ్చినాయన సంచిలో వేసుకున్నది దాని మనుమడే.

ఈ దీపాన్ని చీకట్లో వాడటం ఎవరికైనా తెలుసు. ఎండలో వాడటమే నేర్పు. దాని కిటుకు మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. కెమెరాను చెరువు తూముగా అనుకోండి. సూర్యకాంతి చెరువు నీరు. తూము ఎంత వెడల్పు, ఎంతసేపు తెరిచారు అన్న రెండింటినీ బట్టి నీరు పారుతుంది. ఫ్లాష్ అలా కాదు. అది తూములోకి కుండెడు నీళ్ళు ఒక్కసారి కుమ్మరించినట్టు. తూము ఎంత ఎక్కువసేపు తెరిచినా వచ్చేది ఆ కుండెడే. వెడల్పు తగ్గిస్తే మాత్రం రెండూ తగ్గుతాయి. అందుచేత తూము తెరిచే సమయాన్ని మార్చి సూర్యుణ్ణి అదుపు చేయవచ్చు, ఫ్లాషును దూరంతో అదుపు చేయవచ్చు.

ఒక లెక్క చెబుతాను. 100 వేగం ఫిల్మ్, నిండు ఎండ. సెకనులో 125వ వంతు, ఎఫ్ 16 పెడితే ఎండలో ఉన్నవన్నీ సరిగా వస్తాయి. మీ ఫ్లాష్ శక్తిసంఖ్య 28 అనుకోండి. 28ని 16తో భాగిస్తే ఒకటిముప్పావు మీటరు. అంత దగ్గర నిలబడితే ఫ్లాష్ ఒక్కటే ముఖాన్ని పూర్తిగా వెలిగిస్తుంది. మనకు అంత వద్దు. అప్పుడు ముఖం సున్నం కొట్టినట్టుంటుంది. సగం చాలు. రెండున్నర మీటర్ల దూరం జరిగితే వెలుగు సగమవుతుంది. జరగడానికి చోటు లేకపోతే ఫ్లాష్ మీద తెల్లటి చేతిరుమాలు కప్పండి. కూరలో ఉప్పులాగా, వేశారని తెలియకూడదు, వేయకపోతే తెలియాలి.

ఇంకొక ఇబ్బంది. కొన్ని కెమెరాల్లో తెర రెండు ముక్కలుగా పరుగెడుతుంది. వేగం పెంచితే ఫ్లాష్ వెలిగే క్షణానికి సన్నటి చీలిక మాత్రమే తెరిచి ఉంటుంది. ఫోటోలో ఒక పట్టీకే వెలుగు పడుతుంది. అందుకని సెకనులో 60వ వంతో, 125వ వంతో దాటకూడదు. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళు తీసినవాళ్ళ మెడలో ఒకప్పుడు వేలాడిన యాషికా మ్యాట్ కెమెరాకు ఈ బాధ లేదు. కటకంలోనే రెక్కల తలుపులు గనుక 500వ వంతు వరకు ఏ వేగంలోనైనా ఫ్లాష్ పనిచేసేది. నీలగిరిలోని ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు ఫిల్మును వాటిలో వేసి తీసిన పెళ్ళిఫోటోలు మీ ఇళ్ళలోనూ ఉండవచ్చు. ఆ కర్మాగారం మూతపడింది. ఫిల్ముతోపాటు ఈ లెక్కలు తెలిసిన పెద్దవాళ్ళు కూడా ఒక్కొక్కరే తెరమరుగవుతున్నారు.

ఫ్లాష్ లేనివాళ్ళు ఏం చేయాలి? తెల్లపంచె చాలు. ఇద్దరు పిల్లలను పిలిచి, చీకటిగా ఉన్న వైపున ముఖానికి దగ్గరగా పంచెను సాగదీసి పట్టించండి. హొగెనకల్‌లో సినిమా షూటింగు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. వెండికాగితం అంటించిన పలకలు పట్టుకొని కొందరు ఎండలో గంటలకొద్దీ నిలబడి ఉంటారు. హీరోయిను కళ్ళలోని మెరుపు వాళ్ళ చేతుల్లోంచి వచ్చిందే. 1957 నాటి మాయాబజారులో మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను తెర మీద ఎలా పరిచాడో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ స్థాయి నేర్పు మనకు అక్కరలేదు. అదీ లేకపోతే ఇంటి అరుగు మీద కూర్చోబెట్టండి. పైన కప్పు నీడ ఉంటుంది, ముందు వాకిట్లో ఎండ ఉంటుంది. ఆ వాకిటి వెలుగే నేల మీద నుంచి లేచి ముఖానికి తగులుతుంది. నా మటుకు నాకు ఫ్లాష్ కంటే అరుగే ఇష్టం.

ఇప్పుడు చేతిలో సెల్‌ఫోనుంది, అది నాలుగైదు బొమ్మలు కలిపి నీడను తానే పలచన చేస్తుంది కదా అంటారు మా బడిపిల్లలు. నిజమే. నల్లటి ముఖాన్ని బూడిదరంగుకు తెస్తుంది. కాని కంట్లో పడని వెలుగు చుక్కను అది ఎక్కడినుంచి తెస్తుంది? మా తరగతిలో పిల్లలకు ఒక పని పెట్టాను. మీ అవ్వదో తాతదో ఒక్క ఫోటో తీసుకురండి, కళ్ళు కనబడాలి, అంతే. మొదటిసారి తెచ్చిన వాటిలో సగానికి పైగా గుంటలే. రెండోసారి అరుగు మీద తీసుకొచ్చారు. ఒక పిల్ల తన ఫోటో చూపిస్తూ, "మేడమ్, మా తాత కళ్ళు పిల్లికళ్ళని నాకు ఇన్నాళ్ళూ తెలియదు" అంది.

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళాను. ధర్మపురిలో స్టూడియో నడిపే పాత విద్యార్థి దగ్గర ఫ్లాష్ అడిగి తీసుకున్నాను. ఆ గుడి గోడ ఇంకా ఉంది. చింతచెట్టు లేదు. మధ్యాహ్నం వేళ మా అమ్మను అదే చోట, అవ్వ నిలబడినచోట నిలబెట్టాను. అమ్మకిప్పుడు అవ్వ పోయిననాటి కంటే ఎక్కువ వయసు. నేను ఫ్లాష్ బిగిస్తుంటే, "పట్టపగలు దీపమెందుకే, సూర్యుడు చాలడా?" అంది. అని, తానే ఒక్కసారి ఆగిపోయింది. ఎవరి మాట తన నోట వచ్చిందో ఆమెకు తెలిసినట్టుంది. కొంగు సరిచేసుకొని నా వైపు చూసింది.

రెండున్నర మీటర్లు కొలుచుకొని నిలబడ్డాను. ఫోటో తీశాను.